పిల్లల మనసు సంగతి నేనేం చూడగలనని అడిగావు కదా

తల్లీ,

క్లాస్ టీచర్ బాధ్యత అప్పజెప్పారని, పిల్లల మానసిక ఆరోగ్యం కూడా కనిపెట్టుకోమన్నారని, సైకాలజీ చదవని నేను ఏం చేయగలనని అడిగావు. చదవక్కర్లేదమ్మా. జబ్బు పేరు చెప్పడం, వైద్యం చేయడం నీ పని కాదు. పిల్లలో మార్పు వచ్చిందని ముందుగా గమనించడం, చెప్పింది వినడం, సాయం చేయగలిగినవాళ్ల దాకా చేర్చడం, చేర్చాక కూడా పట్టించుకోవడం, ఇదే నీ వంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల వయసున్న ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, వాళ్లలో ఎక్కువమందిని ఎవరూ గుర్తించరు, వైద్యమూ అందదు. 40 మంది ఉన్న క్లాసులో అది సగటున ఐదారుగురి మాట.

అల్లరి చేసేవాళ్ల మీద ఎలాగూ అందరి కళ్లూ ఉంటాయి. నా బెంగంతా ఏ ఇబ్బందీ పెట్టకుండా మూల కూర్చునే పిల్లల గురించే. అలాగని చిటపటలాడే పిల్లాణ్ణి పొగరుబోతు అనేసుకోకు, ఈ వయసులో దిగులు ఏడుపుగా కాకుండా కోపంగా, చిరాకుగా బయటపడటం చాలా మామూలు. సరిగ్గా లెక్కల పీరియడ్‌కే కడుపునొప్పి వచ్చే పిల్ల నాటకాలాడుతోందని స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు అంటారు. భయంతో వచ్చినా ఆ నొప్పి నిజం నొప్పే. హాజరు పట్టీ తిరగేసి చూడు, ఎవరు ఏ వారం ఏ రోజు మానేస్తున్నారో అందులోనే తెలిసిపోతుంది. ఒక రోజు ముభావంగా ఉంటే కంగారు పడనక్కర్లేదు కానీ, రెండు వారాలైనా స్నేహితులతో కలవకుండా, ఇష్టమైన ఆట కూడా వదిలేసి ఉంటే మాత్రం నువ్వే కదలాలి.

నా దగ్గర చదివిన ఒకమ్మాయి సంగతి చెప్తాను. నోట్స్ గుండ్రంగా, పొందికగా రాసేది. ఉన్నట్టుండి అక్షరాలు పేజీ పేజీకీ చిన్నవైపోయాయి, తేదీ వేయడం మానేసింది, స్కేలు పెట్టి గీసే గీతా పోయింది. మార్కులు మాత్రం తగ్గలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. "రెండు వారాల నుంచి తేదీ వేయట్లేదు నువ్వు, బాగానే ఉన్నావా?" అని అడిగాను. "ఏం లేదు మేడమ్" అంది. సరేనని ఊరుకుని, మర్నాడు బోర్డు తుడవడానికి సాయం రమ్మన్నాను. డస్టర్ చేతిలో ఉంది, నా మొహం చూడాల్సిన పని లేదు, బోర్డు సగం తుడిచేసరికి అమ్మానాన్నలు విడిపోతున్నారని చెప్పింది. ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే పిల్లలకు విచారణలా ఉంటుంది, పక్కపక్కన ఏదో పని చేసుకుంటూ ఉంటే మాట దానంతటదే వస్తుంది.

చెప్పడం మొదలుపెట్టాక నువ్వు తక్కువ మాట్లాడు. "ఈ వయసులో నీకేం కష్టాలు", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు" లాంటి మాటలు నోటికి ఊరికే వచ్చేస్తాయి, వాటితో ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. "చాలా కష్టంగా ఉండి ఉంటుంది, నాతో చెప్పి మంచిపని చేశావు" చాలు. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వేయకు. "నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే నీకు సాయం చేసేవాళ్లకు చెప్తాను, నీకు చెప్పే చెప్తాను" అని ముందే అను. ఆ మాట నిలబెట్టుకో, స్టాఫ్ రూమ్‌లో కబుర్లలోకి రానివ్వకు.

చావు మాట ఎత్తినా, ఎత్తినట్టు అనిపించినా, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది వట్టి అపోహ, అడిగినందుకు చాలామంది పిల్లలు తేలికపడతారు. అవునంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకు. కౌన్సెలర్‌కి, హెడ్‌కి అప్పటికప్పుడే చెప్పు, ఇంటి నుంచి పెద్దవాళ్లు ఎవరైనా వచ్చేదాకా పంపకు. అయితే ఆ పిల్ల బాధ ఇంట్లోంచే వస్తోందని, కొట్టడమో అంతకంటే ఘోరమో జరుగుతోందని తెలిస్తే ఇంటికి ఫోన్ చేయకు. ముందు హెడ్ ద్వారా బాలల రక్షణ చూసేవాళ్లకు తెలియజేయి.

మామూలుగా తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు "మీవాడికి డిప్రెషన్" అని తేల్చేయకు. చూసింది చూసినట్టు చెప్పు, ఇంట్లో ఎలా ఉంటున్నాడని అడుగు.

ఇంకో సంగతి. వారానికో గంట ఒత్తిడి తగ్గించే క్లాసు పెట్టి, మిగతా రోజులన్నీ మార్కులు పైకి చదువుతూ, పేపర్లు ఎక్కువ మార్కుల నుంచి తక్కువ మార్కులకు వరసగా పంచుతూ ఉంటే ఏం లాభం? పేపర్ మడతపెట్టి చేతికివ్వు. మందలించాల్సి వస్తే పక్కకు పిలిచి మందలించు. ఒకే రోజు మూడు పరీక్షలు పడకుండా మిగతా టీచర్లతో మాట్లాడు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెప్తున్నారు, పైగా ఆ వయసులో శరీరమే నిద్రను ఆలస్యం చేస్తుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే పెద్ద క్లాసుల బడులు ఉదయం 8:30 కంటే ముందు మొదలవకూడదని చెప్పింది. బడి వేళలు నీ చేతిలో లేవు, హోంవర్క్ ఎంత ఇవ్వాలన్నది మాత్రం నీ చేతిలోనే ఉంది.

చాలా రోజులు రాలేకపోయిన పిల్ల తిరిగొచ్చే ముందు ఫోన్ చేసి, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలనుకుంటోందో కనుక్కో, అంతకు మించి నువ్వూ చెప్పకు. వెనకబడ్డ పాఠాల్లో ఏవి తప్పనిసరో, ఏవి వదిలేయొచ్చో ఒక కాగితం మీద రాసివ్వు. మొదటి వారం అందరూ పలకరిస్తారు, నెల తిరిగేసరికి మర్చిపోతారు, అందుకని ఆ నెలాఖరు తేదీ నీ డైరీలో ఇప్పుడే రాసి పెట్టుకుని ఆ రోజు మళ్లీ బోర్డు తుడవడానికి రమ్మను.