చిప్స్ వచ్చాయి, మనిషి వెళ్ళిపోయాడు

"కొరత అనేది నిజంగా సరుకూ మనుషులూ లేక వస్తుందా, ఎవరైనా కావాలని సృష్టిస్తారా?" అని అడిగారు. పదకొండేళ్ళుగా ఒక ఫ్యాక్టరీలో పర్చేజ్ చూస్తున్నా, మేం మోటార్లకి కంట్రోల్ బోర్డులు చేస్తాం. నేను చూసినంతవరకు చిన్న కొరతని పెద్దది చేసేది భయమే, ఆ పని నేనూ చేశాను.

2020లో కరోనా రాగానే కార్ల కంపెనీలు చిప్ ఆర్డర్లు తగ్గించేసుకున్నాయి, ఆ కెపాసిటీ ల్యాప్‌టాప్‌ల వాళ్ళు పట్టుకుపోయారు, కార్లకి మళ్ళీ గిరాకీ వచ్చేసరికి చిప్స్ లేవు. చిప్ తయారవ్వడానికే దాదాపు మూడు నెలలు, కొత్త ఫ్యాబ్, అంటే చిప్ ఫ్యాక్టరీ, కట్టాలంటే ఏళ్ళు. 2021 మధ్యలో ఆ దెబ్బ మాకూ తగిలింది. మా బోర్డులో ఒక మైక్రోకంట్రోలర్, అంటే బోర్డుని నడిపించే చిప్, అంతకుముందు 12 వారాల్లో వచ్చేది, ఇప్పుడు 52 వారాలు అని డిస్ట్రిబ్యూటర్ మెయిల్ పెట్టాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే అదే క్వాంటిటీకి నలుగురు డిస్ట్రిబ్యూటర్లకి పర్చేజ్ ఆర్డర్లు ఇచ్చేశా, ఎవరు ముందిస్తే వాళ్ళ దగ్గర తీసుకుని మిగతావి కాన్సిల్ చేద్దామని. ఎన్నో కంపెనీల్లో నాలాంటివాళ్ళు అదే చేశారు. అవసరం ఒకటైతే ఆర్డర్లు నాలుగు, తయారుచేసేవాడికి అవన్నీ నిజమైన గిరాకీలాగే కనబడతాయి.

ఆ నెలల్లో లైన్ ఆగకుండా చూసింది రీవర్క్ బెంచ్ మీద, అంటే పాడైన బోర్డులు బాగుచేసే చోట, ఉండే ఒక పెద్దాయన. రిజెక్ట్ అయి మూలన పడేసిన బోర్డులన్నీ తెప్పించుకుని, మైక్రోస్కోప్ కింద పెట్టి హాట్ ఎయిర్‌తో ఒక్కో చిప్పూ ఊడదీసి, కాళ్ళు వంగకుండా శుభ్రం చేసి ట్రేలో పేర్చేవాడు. ఒకరోజు సాయంత్రం ట్రే నాకిచ్చి "నలభై ఉన్నాయి సార్, రేపటికి సరిపోతాయి" అన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన జీతం పెంచమని అడిగితే మేనేజ్‌మెంట్ బడ్జెట్ లేదంది. అదే వారం ఒక బ్రోకర్ దగ్గర అసలు రేటుకి ఎన్నో రెట్లు పెట్టి చిప్స్ కొనడానికి నాతోనే సంతకం పెట్టించారు. ఆయన మానేశాడు.

"పని చేసేవాళ్ళు దొరకట్లేదండీ" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండేది అందుకే. ఆ జీతానికి, ఆ టైమింగ్స్‌కి దొరకట్లేదు అని పూర్తిగా చెప్పరు. కొత్తవాళ్ళ పోస్టుకి ఐదేళ్ళ అనుభవం అడుగుతారు, నేర్పించేవాడే లేకపోతే ఆ అనుభవం ఎక్కడ నుంచి వస్తుంది? బ్రిటన్‌లో 2021 శరదృతువులో పెట్రోల్ బంకులు ఖాళీ అయ్యాయి గుర్తుందా, డిపోల్లో పెట్రోల్ ఉంది, ట్యాంకర్ నడిపేవాళ్ళు చాల్లేరు, ఆ వార్త విని జనం ఎగబడి ట్యాంకులు నింపుకున్నారు, చివరికి అక్టోబర్‌లో సైనికుల్ని పెట్టి సప్లై చేయించారు. సరుకు కొరత అనుకున్నది మనిషి కొరత, దాని మీద మళ్ళీ భయం. కాస్త మిగులు పెట్టుకోవడం దండగ ఖర్చు అనే ఆలోచనే తప్పు. 2011 జపాన్ భూకంపం తర్వాత టొయోటా చిప్స్ నిల్వ పెట్టించుకుంది, అందుకే 2021 మొదట్లో మిగతావాళ్ళంత దెబ్బ తినలేదు, సెప్టెంబర్‌కి వాళ్ళూ ప్రొడక్షన్ తగ్గించారనుకోండి, కానీ ఆ నిల్వతో కొన్ని నెలలు గడిచాయి.

మా చిప్స్ 2023లో వచ్చాయి, నేను కాన్సిల్ చేయలేకపోయిన ఆర్డర్లన్నీ కలిపి ఒకేసారి. స్టోర్స్‌లో ఆ చిప్స్ చుట్టలు పెట్టడానికి చోటు లేదు. ఆ పెద్దాయన బెంచ్ మీద మాత్రం ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని బోర్డు మీద చిప్ అతుక్కునే రాగి ప్యాడ్ లేవకుండా చిప్ తియ్యడం నేర్చుకోడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఇప్పటికీ కష్టమైన బోర్డు వస్తే వాళ్ళు ఆయనకే ఫోన్ చేస్తారు, ఆయన పాపం వేరే చోట డ్యూటీలో ఉండి కూడా ఓపిగ్గా చెప్తాడు.