మైకేల్ పాలిన్ మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మైకేల్ పాలిన్ మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రే చదివేశాను. విషయ సేకరణలో వంక పెట్టడానికి లేదు. 1943లో షెఫీల్డ్‌లో పుట్టుక, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదువు, అక్కడే టెర్రీ జోన్స్‌తో స్నేహం, 1969లో జోన్స్‌తోనూ మరికొందరితోనూ కలిసి బీబీసీలో మాంటీ పైథాన్ కామెడీ షో, తర్వాత సినిమాలు, ఆ తర్వాత ప్రయాణాలు, చివరికి సర్ బిరుదు. అన్నీ ఉన్నాయి, మనిషే లేడు. ఉద్యోగానికి పెట్టుకున్న బయోడేటాలా ఉంది.

రెండో పేజీలో ‘హాస్యనటుడు కాస్తా యాత్రికుడిగా మారిపోయాడు’ అన్నావు. నా పేచీ అంతా ఆ వాక్యంతోనే. ఆయన ఏమీ మారలేదు.

మాంటీ పైథాన్‌లోని చచ్చిన చిలక స్కిట్ ఇంకోసారి పెట్టుకుని చూడు. ఆ జట్టులోని జాన్ క్లీజ్ పంజరంతో షాపులోకి వచ్చి, నువ్వమ్మిన చిలక చచ్చిందయ్యా అని గోల పెడతాడు, దాన్ని కౌంటర్‌కేసి బాదుతాడు. అందరికీ గుర్తుండేది ఆయనే. ఈసారి ఆయన్ని వదిలేసి, కౌంటర్ వెనకున్న పాలిన్‌ని మాత్రమే చూడు. చావలేదు, నిద్రపోతోంది అంటాడు. నార్వే చిలక కదా, ఊరి మీద బెంగ పెట్టుకుంది అంటాడు. మధ్యలో తనే పంజరాన్ని ఒక్క తట్టు తట్టి, అదిగో కదిలింది అంటాడు! అంత పచ్చి అబద్ధాన్ని కొంచెం కూడా తొణక్కుండా ఆడతాడు గనకే క్లీజ్ కోపానికి మనకి నవ్వొస్తుంది. ఆ స్కిట్ రాసింది క్లీజ్, జట్టులో ఇంకొకడైన గ్రాహం చాప్‌మన్. పాలిన్ చేసిందల్లా ఎదుటివాడు రెచ్చిపోవడానికి చోటివ్వడం. చూడ్డానికి చిన్న పనిలా ఉంటుంది గానీ, చాలామంది నటులకి చేతకాదు. రచయితలకి అసలే చేతకాదు.

ఇప్పుడు 1988కి రా. విమానం ఎక్కకుండా 80 రోజుల్లో ప్రపంచం చుట్టి రావాలని బీబీసీ ప్రోగ్రాం. దానికి ముందు అడిగింది ఈయన్ని కాదు. టీవీలో యాత్రా కార్యక్రమాలు చేసే అలన్ విక్కర్ లాంటి పేరున్నవాళ్లని అడిగారు, కుదరలేదు. నీ వ్యాసంలో ఈ ముక్కే లేదు, తప్పకుండా పెట్టు. దుబాయ్ నుంచి బొంబాయికి ఆయన వచ్చింది సరుకులు మోసే చెక్క పడవలో, గుజరాతీ కళాసీలతో. మరుగుదొడ్డంటే పడవ అంచున సముద్రం మీదికి వేలాడే ఓ చెక్క పెట్టె. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. పాలిన్ తన వాక్‌మన్ తీసి ఓ ముసలి కళాసి చెవులకి పెట్టి అమెరికన్ రాక్ గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ పాట వినిపిస్తాడు. ఇక సీనంతా ఆ ముసలాయనదే. చిలకల షాపువాడు చేసిన పనే ఇక్కడా చేశాడని నీకు అనిపించాలి. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ కళాసీలని వెతుక్కుంటూ మళ్లీ వెళ్లాడు కూడా.

అన్నట్టు, బొంబాయి నుంచి మద్రాసుకి రైల్లో వెళ్లాడు, ఆ లైను మన గుంతకల్లు మీదుగానే కదా అని ఓ పేరా అల్లాలనిపిస్తుంది నీకు. వద్దు. బలవంతాన మనవాణ్ని చేయకు.

‘ఎ ఫిష్ కాల్డ్ వాండా’ సినిమా గురించి, బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చిందని ఒక్క లైనుతో సరిపెట్టావు. అసలు సంగతి అవార్డు కాదు. అందులో ఆయన వేసింది నత్తి ఉన్న కెన్ పాత్ర. పాలిన్ సొంత తండ్రికి జీవితాంతం నత్తి. ఇంట్లో చూసిన బాధని నవ్వుల సినిమాలోకి తేవాలంటే ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించు. నత్తిని వేళాకోళం చేశారని కొందరు నొచ్చుకున్నారు కూడా. 1993లో లండన్‌లో నత్తి ఉన్న పిల్లల కోసం పెట్టిన కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి ఊరుకో, నువ్వేమీ వ్యాఖ్యానించనక్కర్లేదు.

పోల్ టు పోల్, సహారా, హిమాలయ అనే ఆయన తర్వాతి యాత్రా సిరీస్‌లు ఒక్క వాక్యంలో కానిచ్చెయ్. డైరీల సంగతి మాత్రం కాస్త చెప్పు. 1969లో సిగరెట్ మానేసిన ఊపులో డైరీ కూడా పట్టుదలగా రాయాలనుకున్నాడు. ఆ పట్టు వదల్లేదు. 2006లో మొదటి సంపుటం పుస్తకంగా వచ్చింది. దొరికితే చదువు, పెద్ద పెద్ద సంగతుల పక్కనే ఇంటి పనులూ పిల్లల గొడవలూ ఎలా రాశాడో చూడు.

సర్ బిరుదుని చివర్లోంచి తీసేసి మధ్యలో ఎక్కడైనా పడెయ్. వచ్చే వారంలోగా తిరగరాసి పంపితే ఎడిటర్‌గారితో నేను మాట్లాడతాను. ఈసారి ఫాంటు కొంచెం పెద్దది పెట్టు, నా కళ్ల సంగతి నీకు తెలుసుగా.

మీ అన్నయ్య