ఈనిన గుర్రాన్ని, పిల్లను మిగతా గుర్రాల్లో ఎప్పుడు, ఎట్లా కలపాలి?

ప్రశ్న: పరకాల దగ్గర మా ఊర్లో బారాత్‌లకు నాలుగు గుర్రాలు పెట్టుకున్నం. అందులో ఒకటి ఈని 12 రోజులైంది, ఆడపిల్ల. మిగతావి ఒక పెద్ద వయసు ఆడది, ఇంకో నెలలో ఈనే చూడిది, ఖస్సీ చేయించిన (వట్టలు తీయించిన) మగది. జాగ 20 గుంటలు, చుట్టూ కడీలకు ముళ్లతీగ. అన్నిటినీ ఒక్కచోట వదలొచ్చా?

జవాబు:

అన్నా, ఇప్పుడే వద్దు. ఆ నాలుగింటినీ ఒక్కసారి అయితే ఎప్పుడూ వద్దు.

ముందు ఈ 12 రోజుల లెక్క చూడండి. ఈనిన 7 నుంచి 12 రోజుల మధ్య తల్లి మళ్లీ ఎదకొస్తది. పిల్లకు పారుడు పట్టేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. పిల్ల హుషారుగా పాలు తాగుతుంటే అది రెండు మూడు రోజుల్లో తగ్గిపోతది, తాగడం మానితే మాత్రం డాక్టర్‌ను పిలవాలి. ఎదలో ఉన్న తల్లిని చూస్తే ఖస్సీ చేసిన మగది కూడా ఒక్కోసారి మగతనం చూపిస్తది, తల్లికి దానికి మధ్యన ఉన్న పిల్లను అడ్డం కింద లెక్కగడతది. కాబట్టి ఎద పూర్తిగా దిగేదాకా తల్లీపిల్లలను విడిగానే ఉంచండి. ఆ తర్వాత ఒక వారం కంచె అవతల నుంచి చూసుకోనివ్వాలి. అంటే కలపడం అనేది పిల్లకు మూడు నాలుగు వారాలు వచ్చాకే.

ఈలోపు జాగ సంగతి చూడాలి. చాలామంది ఏ గుర్రం మంచిది, ఏది కోపిష్టిది అనే ఆలోచిస్తరు గానీ, తప్పించుకోవడానికి దారి ఉంటే కోపిష్టి గుర్రం కూడా తరిమి ఊరుకుంటది. దారి లేని చోట మంచి గుర్రం తన్నినా పిల్ల కాలు విరుగుతది. నాలుగు గుర్రాలకు, ఒక పిల్లకు 20 గుంటలు ఇరుకు. కలిపే ఆ పది పదిహేను రోజులకైనా ఎకరం జాగ చూసుకోండి. యాసంగి కోత అయిపోయిన పొలం దొరుకుతది గానీ, అందులో గట్టు లేని వ్యవసాయ బాయి ఉంటే ఆ పొలం ఊసే వద్దు. తరుముతుంటే పిల్ల ముందు చూసి ఉరకదు, తల్లి పక్కటెముకల వైపు చూస్తూ ఉరుకుతది.

ముళ్లతీగ పెద్ద గుర్రానికి తెలుస్తది, పిల్లకు ఆ సన్నని తీగ కంటికి ఆనదు. పైగా పిల్లలు కంచె పక్కనే పడుకుంటయి, దొర్లి లేచేసరికి తీగ కిందికెళ్లి అవతల తేలుతయి. తీగకు మూడు అడుగుల లోపల వెదురు బొంగులతోనో జాలీతోనో నాలుగు అడుగుల ఎత్తు దడి కట్టండి. జాలీ కన్ను రెండు అంగుళాలు దాటితే పిల్ల గిట్ట ఇరుక్కుంటది. దానిమీద పచ్చ షేడ్‌నెట్ కట్టినా అది పిల్లను ఆపదు గానీ, 'ఇక్కడ అడ్డం ఉంది' అని పిల్లకు కనబడతది, అంతవరకే దాని ఉపయోగం. నాలుగు మూలలనూ కోసేయాలి: మూల నుంచి రెండు వైపులా ఎనిమిది అడుగుల దగ్గర గుర్తుపెట్టి, ఆ రెంటి మధ్య అడ్డంగా బొంగులు కడితే మూల పోయి వాలు వస్తది, ఉరికొచ్చిన పిల్ల ఆగకుండా మళ్లుకుంటది. నీళ్లకు అంచు తక్కువున్న లోతు తొట్టి వద్దు, పిల్ల అందులో పడొచ్చు. టబ్బులు రెండు చోట్ల దూరదూరంగా పెట్టండి, ఒక గుర్రం ఒకదాన్ని ఆక్రమించుకున్నా రెండోది మిగులుతది.

ఇక వరుస. మొదట పెద్ద వయసు ఆడది. ఇదివరకు పిల్లలను సాకిందైతే, ఈనకముందు ఈ తల్లితో పొత్తు కుదిరిందైతే అంతకంటే మంచిది లేదు. చూడిదాన్ని ఇప్పుడు కలపనే వద్దు. ఈనే రోజులు దగ్గరపడ్డ గుర్రానికి ఒక్కోసారి ఎదుటి పిల్ల తనదే అనిపిస్తది: తల్లికి పిల్లకు మధ్య దూరి, పిల్లను తన వెంట తోలుకుపోతది. చూసేవాళ్లకు ముద్దుగా ఉంటది గానీ అక్కడ పిల్ల ఆకలితో మాడుతుంటది. అది ఈని, దాని పిల్లకూ మూడు నాలుగు వారాలు నిండాక ఇద్దరు తల్లులను కలపండి, పిల్లలు రెండూ ఆడుకుంటయి. మగది ఆఖరున.

కంచె వారం ఎట్లాగంటే, మధ్యలో ఎనిమిది పది అడుగుల సందు వదిలి రెండు దడులు ఉండాలి. ఒక్క దడే ఉంటే వెనక్కి తిరిగి దాని మీదికే తన్నుకుంటయి. గడ్డి రెండు వైపులా వేయండి. మొదటి రోజు తల్లి చెవులు వెనక్కి పెట్టి, అరిచి, పిల్లను తన అవతలి పక్కకు నెట్టుకోవడం మామూలే. మూడో నాలుగో రోజుకు అవతలి గుర్రం కనబడుతుండగానే తల వంచి గడ్డి తింటుందంటే తయారైనట్టు. తినకుండా దడి వెంట తిరుగుతుంటే ఇంకో వారం.

కలిపే రోజుకు ముందే అన్నిటి వెనక కాళ్ల లాడాలు తీయించండి. లాడంతో తగిలిన దెబ్బ, ఒట్టి గిట్టతో తగిలిన దెబ్బ ఒకటి కాదు. తల్లి ముందుకాళ్లకు బంధం వేసి మేపే అలవాటు మన దగ్గర ఉంది, ఆ బంధం ఇక్కడ పనికిరాదు, పిల్లకు అడ్డం తిరిగి నిలబడాల్సింది అదే కదా. గూటానికి పొడుగు తాడు కట్టడం అంతకంటే ప్రమాదం, పిల్ల కాలు చుట్టుకుంటది. పిల్ల తలకు ఏమీ ఉంచొద్దు.

పొద్దున ఆరింటికి, అన్నీ కడుపునిండా గడ్డి తిన్నాక మొదలుపెట్టండి. ఎండాకాలమైతే తొమ్మిదింటికి ముగించాలి, మే నెలలో మన దగ్గర ఎండ 42 డిగ్రీలు దాటుతది, పిల్ల తట్టుకోదు. జాగ లోపల ఎండుగడ్డి కుప్పలు గుర్రాల కంటే ఒకటి ఎక్కువ, ఒక్కోదానికి నలభై అడుగుల దూరం. దాణా బకెట్ లోపలికి తీసుకెళ్లొద్దు, కొట్లాట అక్కడే మొదలైతది. తల్లీపిల్లలను 20 నిమిషాల ముందు వదిలి, జాగ అంతా తిరిగి చూసుకోనివ్వండి. తర్వాత రెండో గుర్రాన్ని అవతలి చివర నుంచి వదలండి. ఇద్దరు మనుషులు చేతిలో పొడుగు కర్రలతో దడి దగ్గరే నిలబడాలి, గుర్రాల మధ్యకు పోవద్దు.

అరుపులు, పదిహేను నిమిషాల తరుముడు, గాలిలో కాళ్లు విసరడం చూసి కంగారుపడొద్దు. పిల్ల మెడ ముందుకు చాచి, పెదాలు వెనక్కి లాగి, ఏదో నములుతున్నట్టు పళ్లు టకటకలాడిస్తది. 'నేను చిన్నదాన్ని, నన్నేమనకు' అని పెద్దవాటికి చెప్పడం అది. అయినా దాన్ని చూసి ప్రతి గుర్రమూ మెత్తబడదు. ఆపాల్సింది ఎప్పుడంటే, ఎదుటిది తల్లిని వదిలేసి పిల్లనే పట్టుకున్నప్పుడు. తల నేలకు దించి, చెవులు మెడకు అతికించి, మెడ పాములా ఊపుతూ పిల్ల వెంట పడినా, మెడ కొరికి ఎత్తబోయినా, ముందుకాళ్లతో కొట్టబోయినా ఆ గుర్రాన్ని బయటికి తోలేయండి. అది మళ్లీ ఈ పిల్లతో వద్దు. విడదీసేటప్పుడు తల్లిని పట్టుకుంటే పిల్ల వెంట వస్తది. పిల్ల మెడకు తాడు వేసి గుంజొద్దు.

గొడవ లేనంత మాత్రాన అంతా సరిపోయిందని కాదు. ఈ వయసు పిల్ల గంటకు రెండు మూడు సార్లైనా పాలు తాగాలి. గంట గడిచినా తాగలేదంటే తల్లిని ఎవరో నిలబడనిస్తలేరన్నట్టు. తల్లి పొదుగు చూడండి: బిగిసి మెరుస్తూ, చన్ల కొనల నుంచి పాలు కారి లోపలి తొడల మీద తెల్లటి చారలు కట్టి ఉంటే పిల్ల పస్తున్నట్టే. తల్లిని, పిల్లను అప్పటికప్పుడు కొట్టంలోకి తీసుకెళ్లండి.

మొదటి రోజు గంట చాలు, తర్వాత రోజుకు గంట చొప్పున పెంచండి. ఐదారు రోజులు ఏ గొడవా లేకపోతే తర్వాతి గుర్రం. రాత్రిళ్లు మొదటి రెండు వారాలు విడిగానే.

మీవి బారాత్ గుర్రాలు కాబట్టి ఇంకో మాట. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్కో ఊరేగింపులో మూడు నాలుగు చోట్ల నుంచి వచ్చిన గుర్రాలు ముక్కూ ముక్కూ రాసుకుంటయి. అర్ధరాత్రి తిరిగొచ్చిన గుర్రాన్ని నేరుగా పిల్ల దగ్గరికి తోలొద్దు. దగ్గు, ముక్కు నుంచి చీము, దవడ కింద గడ్డ, 101.5 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, వీటిలో ఏది కనబడినా దాని టబ్బు, దాని మనిషి కూడా వేరే ఉండాలి. కొత్తగా కొన్నదైతే మూడు వారాలు విడిగా ఉంచి, గ్లాండర్స్ (గుర్రాల అంటురోగం)కు, సర్రా (ఈగలతో వచ్చే రక్తపు రోగం)కు రక్తం చూపించాకే మందలోకి. గ్లాండర్స్ మనుషులకూ అంటుకుంటది.

తల్లికి ఈనే ముందు నెలలో ధనుర్వాతం టీకా పడిందో లేదో గుర్తుచేసుకోండి. పడితే ముర్రుపాలతో పిల్లకు కొంత రక్షణ వచ్చి ఉంటది. పడకపోతే పిల్లకు గీత పడ్డా ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. కీలు దగ్గర గాయమైతే చిన్నదైనా అదే రోజు చూపించాలి, కీలులోకి చీము దిగితే పిల్ల దక్కడం కష్టం. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే వరంగల్ దగ్గరి మామునూరు వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లండి, బండిలో తల్లిని కూడా ఎక్కించండి.