ఎనిమిది పేజీల గతం, నాలుగు స్పెల్స్

తమ్ముడూ,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం నువ్వు తయారుచేసిన హాఫ్-ఎల్ఫ్ (సగం మనిషి, సగం ఎల్ఫ్) క్లెరిక్, అంటే దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారి, వాడి బ్యాక్‌స్టోరీ ఎనిమిది పేజీలూ రాత్రి కూర్చుని చదివాను. ఊరు తగలబడింది, అమ్మానాన్నలు పోయారు, పిల్లాడు గుడి మెట్ల మీద దొరికాడు. భాష బాగుంది. కానీ మొదటి సెషన్‌లో వాడు నోరు తెరిస్తే ఏం మాట్లాడతాడో నాకింకా తెలీదు.

ఊరు తగలబడితే తగలబడనీ, అమ్మానాన్నల్ని మాత్రం బతికించు. నువ్వు ఆడుతున్న 2014 నాటి రూల్స్ ప్రకారం ఎల్ఫ్ ఆయుష్షు 750 ఏళ్ల దాకా, హాఫ్-ఎల్ఫ్‌ది 180 పైన. హాఫ్-ఎల్ఫ్ ఇరవై ఏళ్లకల్లా ఎదిగిపోతాడు. ఎల్ఫుల్లో మాత్రం వందేళ్లు వస్తేగానీ పెద్దవాడన్న లెక్క లేదు. నీ క్లెరిక్‌కి నలభై వచ్చేసరికి మనిషైన అమ్మ చేతులు వణుకుతుంటాయి. ఎల్ఫ్ అయిన నాన్న మొహం మీద ఒక్క ముడతైనా ఉండదు, పైగా కొడుకుని ఇంకా పసివాడనే అనుకుంటుంటాడు. ఈ ముగ్గుర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి చూడు.

స్టాట్స్ (పాత్ర సామర్థ్యాలకి వేసే అంకెలు) దగ్గర ఎక్కువ టెన్షన్ పడకు. విజ్‌డమ్‌లో 15 వేసి, హాఫ్-ఎల్ఫ్‌కి వచ్చే ఒక పాయింట్ కలిపితే 16. కరిజ్మాకి రెండు ఊరికే వస్తాయి. అంతే. (1978 నాటి రూల్స్‌లో హాఫ్-ఎల్ఫ్ క్లెరిక్ ఐదో లెవెల్ దాటడానికే వీల్లేదు, నువ్వు అదృష్టవంతుడివి.)

నువ్వు చూడకుండా దాటేసింది ఒకటుంది. వాడి దేవుడి విభాగంగా లైట్ డొమైన్ (వెలుగు) తీసుకున్నావు కదా. ఆ డొమైన్ మొదటి లెవెల్లోనే బర్నింగ్ హ్యాండ్స్ అనే, చేతుల్లోంచి మంటలు చిమ్మే స్పెల్ (మంత్రం) ఇస్తుంది. అది ఎప్పుడూ ప్రిపేర్ అయ్యే ఉంటుంది, వద్దన్నా పోదు. మంటల్లో ఊరు పోగొట్టుకున్నవాడి చేతుల్లో ఆ దేవుడు మళ్లీ మంటే పెట్టాడు! నీ ఎనిమిది పేజీల్లో లేని కథ క్యారెక్టర్ షీట్‌లో ఒక్క లైన్లో ఉంది. వాడు ఆ స్పెల్ మొదటిసారి వాడే రోజు కోసం డీఎం (ఆట నడిపేవాడు) కూడా ఎదురుచూస్తాడు.

డొమైన్ స్పెల్స్ కాక, వాడు ప్రార్థన చేసి ప్రిపేర్ చేసుకోగలిగేవి నాలుగు. అందులో గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ పెట్టావనుకో, దెబ్బ తిన్నవాడి దాకా వెళ్లి చెయ్యి వెయ్యాలి. గాయాలు మాన్పే ఇంకో స్పెల్, హీలింగ్ వర్డ్ అయితే అరవై అడుగుల దూరం నుంచే, ఒక్క మాటతో పని అయిపోతుంది. ఆటగాళ్లు చాలామంది రెండోదే మేలంటారు, పోరాటంలో అది నిజమే. కానీ తన చేతులంటే తనకే భయమున్నవాడు ఏది ఎంచుకుంటాడు? ఒకరోజు గత్యంతరం లేక చెయ్యి వెయ్యాల్సి వస్తే?

నేను మొదట్లో చేసిన క్లెరిక్‌కి దేవుడి వంశవృక్షం మొత్తం రాసి, ఆయన్ని వీడేం కోరుకుంటాడో రాయడం మర్చిపోయాను. మూడో సెషన్‌కల్లా వాడు పార్టీకి మందుల సంచీ అయిపోయాడు.

వచ్చే ఆటకి ఒక్క పేజీ చాలు. అన్నట్టు, వాళ్లమ్మకి నువ్వు పేరే పెట్టలేదు.

మీ అన్నయ్య