గేర్లు సర్దించినా చైను జారుతుంటే

మీ గేర్ల సైకిలును గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే చైను టక్కున జారుతోందని, రెండుసార్లు గేర్లు సర్దించినా తగ్గలేదని రాశారు. మూడోసారి సర్దించకండి. ముందు చైను కొలవండి.

బెంగళూరులో బెల్లందూరు నుంచి కోరమంగళకు నేను ఏడు గేర్ల సైకిలు మీదే ఆఫీసుకు వెళ్తాను. ఒక ఉదయం ఇబ్బలూరు దగ్గర సిగ్నలు పడగానే లేచి బలంగా తొక్కాను. పెడలు పట్టు తప్పి కిందికి జారింది, మోకాలు హ్యాండిల్‌కు తగిలింది. వెనకే బస్సు ఉంది. ఆ భయం ఇప్పటికీ గుర్తుంది. దుకాణంలో కొత్త చైను వేశారు. మరునాడు జారడం ఇంకా ఎక్కువైంది!

చైను సాగిందని అంటాం గానీ ఇనుము సాగదు. పిన్నులు, వాటి చుట్టూ ఉండే భాగాలు అరిగి, పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరానికి తగ్గట్టే వెనక ఫ్రీవీల్, అంటే వెనక చక్రం మధ్యలో ఉండే పళ్ళచక్రాల గుత్తి, దాని పళ్ళూ అరుగుతాయి. కొంతకాలం రెండూ కలిసి నడిచిపోతాయి. చైను ఒక్కదాన్నే మారిస్తే కొత్తది ఆ పళ్ళలో కుదురుకోలేక, బలం పడగానే పైకెక్కి జారుతుంది. నాకు రెండు గేర్లలోనే జారేది. రోజూ వాడేవీ ఆ రెండే. ఈ సంగతి ముందే గమనించి ఉంటే ఫ్రీవీల్‌ను అనుమానించేవాణ్ణి.

కొలవడానికి ఉక్కు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా అక్కడి నుంచి 24వ పిన్ను చూడండి. కొత్త చైనులో అది సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అంగుళంలో 16వ వంతు పెరిగితే చైను మార్చాలి. 8వ వంతు పెరిగితే ఫ్రీవీల్ కూడా పోయిందనే అనుకోండి.

కొలత సరిగ్గా ఉంటే, పెడలును నెమ్మదిగా వెనక్కు తిప్పుతూ చైనును చూడండి. బిగుసుకున్న లింకు, వెనక వేలాడే గేరు యంత్రంలోని చిన్న చక్రాల దగ్గర ఎగిరిపడుతుంది. ఏ గేరులోనైనా ఉండుండి జారడానికి అదే కారణం కావచ్చు. సైకిలు కుడివైపు పడి ఉంటే, గేరు యంత్రం తగిలించిన కొక్కెం వంగిందేమో వెనక నుంచి చూడండి.

గేరు మారడమే కష్టమైతే అది వేరే జబ్బు. చైను ఫ్రీవీల్‌లోని పెద్ద పళ్ళచక్రం మీదకు ఎక్కకపోతే కేబుల్ వదులైనట్టు. కేబుల్ తొడుగు గేరు యంత్రంలోకి చేరే చోట ఉండే, చేత్తో తిప్పే మరను పావు చుట్టు అపసవ్యంగా తిప్పండి. చిన్న పళ్ళచక్రం మీదకు దిగడంలో ఆలస్యమైతే, వానల్లో తొడుగు లోపల కేబుల్ తుప్పు పట్టిందేమో చూడాలి. మాది అలాగే అయింది, కేబుల్, తొడుగు మారిస్తే సరిపోయింది. గేరు యంత్రం మీద హెచ్, ఎల్ అని గుర్తులున్న మరల జోలికి మాత్రం వెళ్ళకండి. అవి తప్పితే చైను చువ్వల్లో పడొచ్చు.

ఫ్రీవీల్ మార్పించేలోగా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లేచి తొక్కకండి. కూర్చునే, తేలిక గేరులో ఎక్కండి.