కొత్త పేషెంటు అంటే ఎవరు

అమ్మలూ,

ఒహాయోలోని టొలీడోలో సొంత క్లినిక్ పెడుతున్నావని, పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్ కార్డులూ తీసుకుంటావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడికి భయం. నాకు గర్వమే, కానీ రాత్రి రెండింటికి లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

రాష్ట్రంలో నమోదూ, అక్కడే క్రెడెన్షియలింగూ (నీ అర్హతల తనిఖీ), ఆపైన మెడికెయిడ్ నడిపే ఒక్కో బీమా ప్లాన్‌తో విడిగా ఒప్పందం. నెలలు పడుతుంది, ముందే మొదలుపెట్టు. అపాయింట్‌మెంట్‌కి రాలేదని ఆ పేషెంట్లకి జరిమానా వెయ్యకూడదు. తక్కువ ముట్టిందని మిగతాది వాళ్లనడగకూడదు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఒబామా చట్టం కింద 2013, 14లో ప్రైమరీ కేర్‌కి డాక్టరుకిచ్చే మెడికెయిడ్ రేటును పెంచి, వృద్ధుల బీమా మెడికేర్‌తో సమానం చేశారు. ఆ రెండేళ్లూ దర్జాగా నడిపాను. 2015 జనవరికి ఆ ఫెడరల్ సొమ్ము ఆగింది. అద్దె ఆగదుగా! పసుపు కాగితం మీద నా చేత్తోనే రాసి ఫ్రంట్ డెస్క్‌లో అంటించాను: 'కొత్త మెడికెయిడ్ పేషెంట్లు వద్దు.'

రాత్రిళ్లు లాండ్రీలో పనిచేసే ఒకావిడ ఆరేళ్లుగా షుగరుకి నా దగ్గరికే వచ్చేది. రీడింగులన్నీ క్యాలెండర్ కాగితాల వెనక రాసి తెచ్చేది. ఇల్లు మారింది. రెన్యువల్ ఉత్తరం పాత ఇంటికి పోయింది, కార్డు రద్దయింది. నానా తిప్పలూ పడి మళ్లీ తెచ్చుకుంది. కొత్త ప్లాను, కొత్త నంబరు. డెస్క్‌లో అమ్మాయి నా కాగితం చూసి వెనక్కి పంపేసింది. తన తప్పేం లేదు. నేను లోపలి గదిలోనే ఉన్నాను.

నాలుగు నెలలకి ఆసుపత్రిలో కనిపించింది. బొటనవేలు తీసేశారు. నన్ను చూడగానే దుప్పటి లాక్కుని కాలు కప్పుకుంది. "మీరిప్పుడు మా కార్డు తీసుకోవట్లేదటగా, ఫర్వాలేదు డాక్టర్" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంతమందినే చూస్తానని హద్దు పెట్టుకో, తప్పు లేదు. క్లినిక్ మూతపడితే ఎవర్నీ చూడలేవు. కానీ 'కొత్త' అంటే ఎవరో ముందే కాగితం మీద పెట్టు. ఒక్కసారి నీ గడప తొక్కినవాళ్లు, కార్డు పోయి మళ్లీ వచ్చినా, పాతవాళ్లే. ఒక్కొక్కరి రెన్యువల్ నెల చార్టులో రాసుకో. రద్దయినా 90 రోజుల్లోపు కాగితాలు పంపితే కొత్త దరఖాస్తు అక్కర్లేదు, ఆ సంగతి వాళ్లకెవరూ చెప్పరు. 2027 నుంచి, ఒబామా చట్టం చేసిన మెడికెయిడ్ విస్తరణ కింద చేరిన వయోజనులకి ఆరు నెలలకోసారి రెన్యువలట. ఇంకెన్ని ఉత్తరాలు పాత ఇళ్లకి పోతాయో!

వేళకి తిను, మొండిదానా. మీ పెద్దమ్మ గోంగూర సీసా పంపుతోంది. డెస్క్‌లోకి మనిషిని ఎంచుకునే రోజు ఒక మాట చెప్పు, నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను.

పెదనాన్న