ఫినీషియన్లను కాసేపు ఓడలోనే ఉండనీ

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. న్యూ హాంప్‌షైర్‌లో సేలం ఊరి పక్క గుట్ట మీద ఉన్న రాతి గదులు, అదే అమెరికాస్ స్టోన్‌హెంజ్ అని టికెట్ పెట్టి చూపిస్తున్న చోటు, మంచి విషయమే పట్టావు. కానీ మొదటి పేరాలోనే 'అంతుచిక్కని రహస్యం' అనేశావు, రెండో పేరాకల్లా ఫినీషియన్లు, అంటే మధ్యధరా తీరపు ఆ ప్రాచీన నావికులు, అట్లాంటిక్ దాటి దిగిపోయారు. అంత త్వరగా దిగిపోతే ఇక నువ్వు రాయడానికి ఏం మిగిలింది చెప్పు?

'బలిపీఠం' గురించి నాలుగు వాక్యాలు రాశావు. నాలుగింట్లోనూ రక్తమే ఉంది, రాయి లేదు. ముందు రాయి చూపించు. మంచమంత పలక, అంచు చుట్టూ చెక్కిన గాడి, ఆ గాడి ఒక పక్క నుంచి బయటికి పోతుంది. ఏదో కారితే పట్టుకోవడానికే చెక్కారని ఎవరికైనా తెలుస్తుంది, ఏం కారేదన్న దగ్గరే గొడవంతా. న్యూ హాంప్‌షైర్ ఉన్న ఈశాన్య అమెరికా ప్రాంతం న్యూ ఇంగ్లండ్, అక్కడి పాత పొలాల్లో ఇలాంటి గాడి రాళ్ళు వేరేవీ ఉన్నాయి. వాటి మీద పీపా నిలబెట్టి, దాన్నిండా కట్టెల బూడిద పోసి, పైనుంచి నీళ్ళు పోస్తే కిందికి దిగిన క్షారాన్ని పట్టుకుని, కొవ్వు కలిపి సబ్బు కాచుకునేవాళ్ళు. ఆపిల్ రసం పిండడానికి వాడినవీ ఉన్నాయి. ఈ గుట్ట మీద 19వ శతాబ్దంలో పాటీ అనే రైతు కుటుంబం కాపురముంది. 1955లో పురావస్తు పరిశోధకుడు గ్యారీ వెసీలియస్ తవ్వకం జరిపితే వేలకొద్దీ వస్తువులు బయటపడ్డాయి, అవి దాదాపుగా అలాంటి రైతుల కాలానివే. వేల ఏళ్ళనాటి బొగ్గు దొరికింది కదా అంటావు. దొరికింది, కానీ అది ఆ బొగ్గు వయసు, పైనున్న గోడ వయసు కాదు. కొలంబస్‌కు ఎంతో ముందే అక్కడ నిప్పు రాజేసుకున్న మనుషులున్నారుగా, ఆ ప్రాంతపు ఆదివాసులు. నీ వ్యాసంలో వాళ్ళ ఊసే లేదు, నాకు అన్నిటికన్నా నచ్చనిది అదే. సముద్రం అవతలి నుంచి ఎవరో వస్తే తప్ప ఇక్కడ రాయి మీద రాయి నిలవదన్న పాత అహంకారాన్ని నీకు తెలియకుండానే మోస్తున్నావు.

నన్నడిగితే నీ కథకు అసలు మనిషి విలియం గుడ్విన్. ఇన్సూరెన్స్ ఉద్యోగంలో పెద్ద స్థాయికి ఎదిగినవాడు, 1937లో ఈ స్థలం కొన్నాడు, కొలంబస్ కంటే ముందే ఐరిష్ సన్యాసులు వచ్చి కట్టారని నమ్మాడు. నమ్మి ఊరుకున్నా బాగుండేది! తన ఊహకు తగ్గట్టు రాళ్ళను జరిపించి 'సరిచేశాడు'. ఇప్పుడు ఏది పాత అమరిక, ఏది గుడ్విన్ చేతిపని అని విడదీయడం తలనొప్పి వ్యవహారం. ఫినీషియన్ల కన్నా ఆయన గురించే చదవాలనిపిస్తుంది నాకు.

అలాగని కొలంబస్ కంటే ముందు ఎవరూ రాలేదని అనడం లేదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో లాన్స్ ఓ మెడోస్ దగ్గర 1960లో హెల్గె ఇంగ్‌స్టాడ్ నార్స్ వాళ్ళ (వైకింగుల) మకాం కనిపెట్టాడు, ఆయన భార్య ఆన్ స్టీన్ తవ్వకాలు నడిపింది. దొరికినవి చూడు: ఒక కంచు పిన్ను, ఇనుప మేకులు, కదురుకు తగిలించే చిన్న రాతి బిళ్ళ. బలిపీఠాలూ లేవు, శాసనాలూ లేవు. 993 నాటి సౌర తుఫాను చెట్ల వలయాల్లో వదిలిన గుర్తు నుంచి లెక్కగట్టి, అక్కడి కలపను 1021లో నరికారని 2021లో తేల్చారు. ఆ లెక్క ఎలా చేశారో విడమరిచి చెబితే చాలు, పాఠకుడు ఊపిరి బిగబట్టి చదువుతాడు, నువ్వు విడిగా సస్పెన్స్ పెట్టక్కర్లేదు.

ఇంకొకటి. 'అయి ఉండవచ్చా?', 'ఇది కేవలం యాదృచ్ఛికమేనా?' లాంటి ప్రశ్నలు నీ వ్యాసం నిండా ఉన్నాయి. ఆధారం లేనప్పుడు ప్రశ్నార్థకం వెనక దాక్కోవడం మన రాతగాళ్ళందరికీ అలవాటే. వాటిని కొట్టేసి, మిగిలిన దాంతో మళ్ళీ మొదలుపెట్టు. గుడ్విన్‌ను ముందుకు తీసుకురా, ఫినీషియన్లకు రెండు వాక్యాలు చాలు. బోస్టన్‌లోనే ఉన్నావు కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు ఆ పలక దగ్గర కూర్చుని గాడి ఎంత లోతుందో, ఎటు వాలుందో రాసుకో. కచ్చితమైన సమాచారం ఏం దొరికినా వెంటనే మెయిల్ పెట్టు, ఆదివారం ఖాళీగానే ఉంటాను.